ఆగడానికి చోటు కావాలి: మోటారు పందేలపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

మోటారు పందేల గురించి గోదావరి డెల్టా నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో ఈ శీర్షికను పూర్తిగా కేటాయించాము. కొందరు టీవీలో చూసిన ప్రమాదాల గురించి అడిగారు, కొందరు డ్రాగ్ రేసింగ్ గురించి అడిగారు; పాలకొల్లు నుంచి ఒక తల్లి మాత్రం తమ ఊరి పక్కనుంచి పోయే రోడ్డు గురించి రాశారు. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి, ప్రశ్నలను కొంత కుదించి ఇక్కడ ఇస్తున్నాము.

ప్రశ్న: 2020లో బహ్రెయిన్‌లో జరిగిన ఫార్ములా వన్ పందెంలో రోమైన్ గ్రోజాన్ కారు రెండు ముక్కలై మంటల్లో చిక్కుకున్నా ఆయన తన కాళ్ల మీద తాను బయటకు వచ్చారు. 2001లో అమెరికాలోని డేటోనా పందెంలో డేల్ ఎర్న్‌హార్ట్ కారు గోడకు తగిలిన దృశ్యం చూస్తే అంత పెద్ద దెబ్బగా అనిపించదు, అయినా ఆయన ప్రాణం దక్కలేదు. దీన్ని అదృష్టం అనుకోవలసిందేనా?
— డిగ్రీ విద్యార్థి, అమలాపురం

సమాధానం: అదృష్టం పాలు కొంత ఉంటుంది గాని, మీరు చెప్పిన ఈ రెండు ప్రమాదాల్లోనూ దానికంటే పెద్ద కారణాలే ఉన్నాయి. ప్రమాదం కంటికి ఎంత భయంకరంగా కనిపించిందన్నది లోపలి మనిషికి తగిలిన దెబ్బకు కొలత కాదు. పరుగెత్తే బండిలో ఉండే శక్తి వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. బండి ఆగేలోపు ఆ శక్తి అంతా ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. అది ఎంత దూరంలో, ఎంతసేపట్లో ఖర్చయిందన్నదాని మీదే డ్రైవరు ప్రాణం ఆధారపడి ఉంటుంది. గడ్డిమేటు మీదికి దూకిన పిల్లవాడు దులుపుకొని లేస్తాడు, అదే ఎత్తు నుంచి కల్లం మీద పడితే కాలు విరుగుతుంది. ఎత్తు అదే, పడిన వేగమూ అదే, ఆగడానికి దొరికిన దూరం మాత్రమే వేరు.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 1977లో ఇంగ్లండ్‌లోని సిల్వర్‌స్టోన్ ట్రాక్‌లో డ్రైవరు డేవిడ్ పర్లీకి జరిగిన ప్రమాదం. యాక్సిలరేటర్ తెరుచుకుని ఇరుక్కుపోవడంతో ఆయన కారు నేరుగా వెళ్లి గోడను ఢీకొంది. గంటకు సుమారు 173 కిలోమీటర్ల వేగం 66 సెంటీమీటర్లలో సున్నా అయింది. ఆ క్షణంలో శరీరం మీద పడిన బలం భూమ్యాకర్షణకు దాదాపు 180 రెట్లని లెక్కగట్టారు. ఆయన బతికారు గాని కాళ్లు, కటి ఎముకలు, పక్కటెముకలు విరిగాయి. అదే కారుకు 66 సెంటీమీటర్ల బదులు ఆరున్నర మీటర్ల దూరం దొరికి ఉంటే ఆ బలం పదో వంతుకు పడిపోయేది. ట్రాక్ భద్రత కోసం ఇన్నేళ్లుగా జరిగిన పని చాలావరకు ఆ మిగతా మీటర్లను ఎక్కడి నుంచి తెచ్చిపెట్టాలన్న వెతుకులాటే.

ఇప్పుడు గ్రోజాన్ విషయం చూద్దాం. 2020 నవంబరు 29న మొదటి ల్యాప్‌లో, అంటే ట్రాక్ మీది మొదటి చుట్టులో, ఆయన కారు గంటకు 192 కిలోమీటర్ల వేగంతో ఇనుప గార్డ్‌రైల్‌ను తాకింది. భూమ్యాకర్షణకు 67 రెట్ల బలం నమోదైంది. ఇంజను ఉన్న వెనక భాగం విడిపోయింది, డ్రైవరు కూర్చున్న కార్బన్ ఫైబర్ గూడు మాత్రం చెక్కుచెదరలేదు. చూసేవారికి అత్యంత భీతి కలిగించిన ఆ చీలిక వల్ల కొంత శక్తి డ్రైవరుకు దూరంగానే ఖర్చయింది. గార్డ్‌రైల్ మధ్య పట్టీ తెగి కారు దానిలోంచి అవతలికి దూరినప్పుడు తలను కాపాడింది హేలో, అంటే డ్రైవరు తల చుట్టూ ఉండే టైటానియం వలయం. 2018లో దాన్ని తప్పనిసరి చేసినప్పుడు కారు అందం పోయిందని చాలామంది విసుక్కున్నారు; దాన్ని మొదట వ్యతిరేకించినవారిలో తానూ ఒకడినని గ్రోజానే తరువాత చెప్పారు. ఆయన దాదాపు 28 సెకన్లు మంటల్లో ఉండి, చేతులకు కాలిన గాయాలతో బయటపడ్డారు. అప్పటికే వైద్యుల కారు అక్కడికి చేరుకుంది. మొదటి ల్యాప్‌లో వైద్యుల కారు పోటీదారుల వెనకే వెళ్లాలన్న నియమం 1978లో ఇటలీలోని మోంజాలో డ్రైవరు రోనీ పీటర్సన్ ప్రమాదం తరువాత ఫార్ములా వన్ వైద్యుడు సిడ్ వాట్కిన్స్ పట్టుబట్టి సాధించినది. అంటే ఆ రోజు ఆయనను బతికించినవాటిలో ఏదీ ఆ రోజు అనుకోకుండా జరిగినది కాదు. గార్డ్‌రైల్ తెగిపోవడం మాత్రం ఘోరమైన వైఫల్యమే, ఆ కోణంలో కారు అక్కడికి వస్తుందని ముందే ఊహించి ఉండవలసింది.

ఎర్న్‌హార్ట్ విషయంలో పరిస్థితి దీనికి తలకిందులు. 2001 ఫిబ్రవరి 18న చివరి ల్యాప్‌లో ఆయన కారు కాంక్రీటు గోడను ఢీకొంది. గోడ ఏమాత్రం లొంగదు, కారు ముందు భాగం లొంగేది చాలా తక్కువ. బెల్టులు మొండేన్ని మాత్రమే పట్టి ఉంచగలవు, తల ముందుకు విసిరినట్టు పోయి పుర్రె అడుగుభాగం విరిగింది. తలను, భుజాలను కలిపి పట్టి ఉంచే హాన్స్ పరికరం అప్పటికే ఉంది. దాన్ని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రాబర్ట్ హబ్బర్డ్, పందెం డ్రైవరైన తన బావమరిది జిమ్ డౌనింగ్‌తో కలిసి 1980ల మొదట్లోనే రూపొందించారు. బిగుతుగా ఉంటుందనీ, మెడ తిప్పడానికి అడ్డమనీ డ్రైవర్లు దాన్ని దూరం పెట్టారు. ఎర్న్‌హార్ట్ పోయిన ఏడాదే అక్టోబరులో, ఆ పందేలను నడిపే అమెరికా సంస్థ నాస్కార్ తల, మెడ రక్షణను తప్పనిసరి చేసింది. 2003లో ఫార్ములా వన్ కూడా హాన్స్‌ను తప్పనిసరి చేసింది. ఇక గోడ సంగతి: నెబ్రాస్కా విశ్వవిద్యాలయ ఇంజనీర్లు కాంక్రీటు గోడ ముందు ఉక్కు గొట్టాలతో మరో గోడ కట్టి, రెండింటి మధ్య గట్టి ఫోమ్ దిమ్మెలు పెట్టారు. సేఫర్ బ్యారియర్ అనే ఆ గోడను 2002లో మొదట ఇండియానాపొలిస్‌లో అమర్చారు. తగిలినప్పుడు అది వెనక్కి వంగి, దెబ్బను కొంత దూరానికీ కొంత సమయానికీ పంచుతుంది. ఏళ్ల తరబడి అందుబాటులో ఉన్న ఒక పరికరాన్ని మెడకు తగిలించుకోవడానికి ఒక మహా డ్రైవరు చనిపోవలసి వచ్చిందన్నది ఇప్పటికీ మనసును కలచివేస్తుంది.

ప్రశ్న: నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. పాత ఫొటోల్లో ట్రాక్ అంచునే చెట్లు, కాలువలు, జనం కనిపిస్తారు. ఇప్పుడు మలుపుల దగ్గర ఎకరాల కొద్దీ ఖాళీ వదులుతున్నారు. కొన్నిచోట్ల గులకరాళ్లు పోస్తున్నారు, కొన్నిచోట్ల తారు వేస్తున్నారు. ఈ మార్పు ఎలా వచ్చింది, ఆ రెండింటిలో ఏది మేలు?
— మండపేట పాఠకులు

సమాధానం: మార్పు చాలా ఆలస్యంగా వచ్చింది, ప్రతి మెట్టు వెనకా ఒక మరణం ఉంది. 1955 జూన్ 11న ఫ్రాన్స్‌లోని లె మాన్స్‌లో పియర్ లెవె నడుపుతున్న మెర్సిడెస్ మరో కారు వెనక భాగాన్ని తాకి గాలిలోకి లేచి ప్రేక్షకుల పక్కనున్న మట్టి కట్టకు తగిలింది. ఇంజను, ముందు ఇరుసు విడిపోయి జనంలోకి దూసుకెళ్లాయి. డ్రైవరుతోపాటు 80 మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. కార్లు ఇంధనానికీ మరమ్మతులకూ ఆగే పిట్‌ల ముందు వేగం తగ్గించుకోవడానికి వేరే దారి లేదు, జనానికీ కార్లకూ మధ్య ఆ మట్టి కట్ట తప్ప ఏమీ లేదు. ఆ దుర్ఘటన తరువాత స్విట్జర్లాండ్ తమ దేశంలో సర్క్యూట్ పందేలనే నిషేధించింది.

ప్రేక్షకుల రక్షణ అక్కడినుంచి కొంత మెరుగైంది గాని డ్రైవరును పట్టించుకున్నవారు లేరు. 1966లో బెల్జియంలోని స్పా ట్రాక్‌లో వాన కారణంగా ఫార్ములా వన్ డ్రైవరు జాకీ స్టీవర్ట్ కారు అదుపు తప్పి, ఒంటి మీద పెట్రోలు కారుతుండగా ఆయన లోపల ఇరుక్కుపోయారు. తీయడానికి సిబ్బంది లేరు; తోటి డ్రైవర్లు గ్రాహం హిల్, బాబ్ బాండ్యురాంట్ ఒక ప్రేక్షకుడి దగ్గర పానా అడిగి తెచ్చి స్టీరింగు విప్పి ఆయనను బయటకు లాగారు. ఆనాటినుంచి స్టీవర్ట్ తన కారులో ఒక పానా ఉంచుకున్నారు, ట్రాక్ యజమానులతో తగవుకు దిగారు, పిరికివాడని అనిపించుకున్నారు, మూడుసార్లు ప్రపంచ ఛాంపియన్ కూడా అయ్యారు. మరుసటి ఏడాది మొనాకోలో డ్రైవరు లొరెంజో బందీని కారు అడ్డంగా పెట్టిన గడ్డి మోపులను తాకి అంటుకుంది, గడ్డి మంటను మరింత పెంచింది, ఆయన కొద్ది రోజులకు కన్నుమూశారు. వరి గడ్డి ఎలా అంటుకుంటుందో మనవాళ్లకు చెప్పనక్కరలేదు. ఆ గడ్డి మోపులను భద్రత పేరుతోనే అక్కడ పెట్టారు.

మీరు కాలువ గట్ల మనిషి కాబట్టి ఇటలీలోని ఇమోలా ట్రాక్ సంగతి మీకు బాగా అర్థమవుతుంది. అక్కడి తంబురెల్లో మలుపులో కార్లు పూర్తి వేగంతో తిరిగేవి, గోడ మాత్రం ట్రాక్‌కు చాలా దగ్గర. 1989లో డ్రైవరు గెర్హార్డ్ బెర్గర్ అక్కడే గోడను ఢీకొని మంటల్లో చిక్కుకుని బతికి బయటపడ్డారు. ఆయన, తోటి డ్రైవరు ఐర్టన్ సెన్నా కలిసి వెళ్లి ఆ గోడను వెనక్కి జరిపించాలని చూశారు. గోడ వెనకే సంతెర్నో నది పారుతోంది, జరపడానికి చోటు లేదు అని తేలింది. అందరూ అక్కడితో వదిలేశారు. 1994 మే 1న సెన్నా ఆ మలుపులోనే ఆ గోడనే ఢీకొని చనిపోయారు. అంతకు ముందురోజే అదే ట్రాక్‌లో రోలాండ్ రాట్జెన్‌బెర్గర్ చనిపోయారు. మరుసటి ఏడాదికి తంబురెల్లోను మెలికల మలుపుగా మార్చి వేగం తగ్గించారు. నదిని జరపలేకపోతే కారు వేగాన్ని తగ్గించాలన్న ఆలోచన 1989లోనే అమలై ఉండవలసింది. చోటు లేకపోవడం ప్రకృతి పెట్టిన ఇబ్బంది, చోటు లేనిచోట పూర్తి వేగాన్ని అనుమతించడం మనుషులు తీసుకున్న నిర్ణయం.

గులకరాళ్లా, తారా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. లోతుగా పోసిన గులకరాళ్లలో చక్రాలు కూరుకుపోయి కారు త్వరగా ఆగుతుంది, తప్పు చేసిన డ్రైవరు పందెం కూడా అక్కడితో ముగుస్తుంది. కానీ కారు అడ్డంగా వచ్చినా, గాలిలో తేలి వచ్చినా రాళ్లు దాన్ని ఆపలేవు. 1999లో సిల్వర్‌స్టోన్‌లో మైకేల్ షూమాకర్ కారు రాళ్ల మీదుగా పెద్దగా వేగం తగ్గకుండానే వెళ్లి టైర్ల గోడను ఢీకొంది, ఆయన కాలు విరిగింది. 2022లో అదే సిల్వర్‌స్టోన్‌లో జో గ్వాన్‌యూ కారు తలకిందులుగా జారుతూ రాళ్లను దాటి, టైర్ల గోడ మీదుగా ఎగిరి కంచెలో పడింది. హేలో ఉండబట్టి ఆయన బతికారు. తారు మీద అయితే బ్రేకు పడుతుంది, స్టీరింగు మాట వింటుంది. అయితే బ్రేకులు, సస్పెన్షన్ విరిగిన కారును తారు ఆపలేదు, పైగా గోడకు తగిలిన కారు తిరిగి ట్రాక్ మీదికే రావచ్చు. 2019లో స్పాలో ఆంత్వాన్ ఉబేర్ అలాగే గోడకు తగిలి తిరిగి వచ్చి మరో కారు దెబ్బకు చనిపోయారు. ఆ తరువాత అక్కడ ఖాళీని పెంచి మళ్లీ గులకరాళ్లు పోశారు. మోటారు సైకిళ్లకు గులకరాళ్లు ఎక్కువగా నప్పుతాయి, ఎందుకంటే పడిన మనిషికి బ్రేకులుండవు. ఒక్కో మలుపుకు బండి ఏ దిశలో, ఏ స్థితిలో, ఎంత వేగంతో తప్పుతుందో లెక్కించి, ముందు తారు, తరువాత రాళ్లు, చివర కదిలే గోడ అని కలిపి వేయడమే సరైనదని నా అభిప్రాయం.

ప్రశ్న: జనం నిజానికి ప్రమాదాలు చూడటానికే మోటారు పందేలకు వెళతారని మా మాస్టారు అంటారు. నిజమేనా?
— పదో తరగతి విద్యార్థిని, తణుకు

సమాధానం: కొందరు అందుకు కూడా వెళుతుండవచ్చు. కానీ ప్రమాదం జరిగాక మైదానంలో ఎవరి నోటా మాట రాదు, డ్రైవరు చెయ్యి ఊపితేనే చప్పట్లు వినిపిస్తాయి; ప్రమాదం కోసమే వచ్చినవారు ఇలా ప్రవర్తించరు. జనాన్ని లాగేది ప్రమాదపు అంచు దాకా వెళ్లి వెనక్కి రాగల నేర్పు. మీ మాస్టారికి ఒక మాట చెప్పండి: పందెంలో చనిపోయేది డ్రైవర్లే కాదు. 2000లో మోంజాలో, 2001లో మెల్‌బోర్న్‌లో ఊడి వచ్చిన చక్రం తగిలి ట్రాక్ పక్కన సేవ చేస్తున్న మార్షల్ ఒక్కొక్కరు మరణించారు. 2023 ఆగస్టులో చెన్నై దగ్గరి మద్రాసు ట్రాక్‌లో జాతీయ మోటారు సైకిల్ పోటీలో 13 ఏళ్ల బాలుడు పోయాడు. అతని వయసు ఇంచుమించు మీ వయసే. అంత చిన్నవయసులో ఏ బండి, ఏ వేగం ఇవ్వాలన్న ప్రశ్నను మన దేశం ఇంకా గట్టిగా అడగవలసి ఉంది.

ప్రశ్న: నేను భీమవరంలో బైక్ మెకానిక్‌ని. డ్రాగ్ రేసింగ్ వీడియోలు చూస్తాను. మలుపు లేదు, ఓవర్‌టేక్ లేదు, నాలుగు సెకన్లలో అయిపోతుంది. దీనికి అంత జనం ఎందుకు వస్తారు?
— భీమవరం పాఠకులు

సమాధానం: మీ వృత్తే మీకు సగం జవాబు చెబుతుంది. ఇతర పందేల్లో డ్రైవరు నేర్పు ముందు కనిపిస్తుంది, డ్రాగ్ రేసింగ్‌లో మెకానిక్ చేతి పని ముందు కనిపిస్తుంది. రెండు బండ్లు పక్కపక్కన నిలబడి, దీపం వెలగగానే, క్వార్టర్ మైలు, అంటే సుమారు 402 మీటర్లు తిన్నగా పరుగెత్తుతాయి. ముందు గీత దాటింది గెలిచినట్టు. నియమం ఇంత సరళంగా ఉండటం వల్ల ఓడిన బండి దగ్గర సాకు మిగలదు. క్లచ్ ఎక్కడ జారింది, టైరు ఎక్కడ పట్టు వదిలింది, ఇంధనం ఎక్కడ తక్కువైంది అన్నది సెకనులో వెయ్యో వంతు దాకా కాగితం మీదికి వస్తుంది.

అన్నిటికంటే పెద్ద తరగతి టాప్ ఫ్యూయెల్. ఎనిమిది లీటర్లకు కొంచెం పైబడిన ఎనిమిది సిలిండర్ల ఇంజను, 11,000 గుర్రాలకు పైగా శక్తి. ఇంధనం పెట్రోలు కాదు, సుమారు 90 శాతం నైట్రోమీథేన్. దీనిలో ఆక్సిజన్ స్వతహాగా ఉంటుంది. కిలో పెట్రోలు మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావలసి వస్తే, నైట్రోమీథేన్‌కు 1.7 కిలోలు చాలు. కిలోకు వచ్చే వేడి పెట్రోలుకంటే తక్కువే అయినా, అదే గాలితో ఎన్నో రెట్లు ఎక్కువ ఇంధనాన్ని మండించవచ్చు గనుక ఒక్కో పేలుడులో పెట్రోలుకంటే రెట్టింపును మించిన శక్తి వస్తుంది. బయలుదేరిన సెకనులోపే వేగం 160 కిలోమీటర్లు దాటుతుంది, నాలుగు సెకన్లలోపే పరుగు పూర్తవుతుంది (ఈ తరగతికి ఇప్పుడు క్వార్టర్ మైలు కాదు, 1,000 అడుగులే; కారణం కింద చెబుతాను), చివరి వేగం 530 కిలోమీటర్లను మించుతుంది. చెవులకు రక్షణ లేకుండా దగ్గర నిలబడకూడదు. ఆ చప్పుడు చెవికంటే ముందు గుండెల్లో తగులుతుందని చూసినవారంతా అంటారు. ప్రతి పరుగు తరువాత ఇంజనును మొత్తం విప్పి పిస్టన్లు, బేరింగులు, క్లచ్ పళ్లేలు మార్చి తిరిగి బిగిస్తారు. అమెరికాలోని పెద్ద పోటీల్లో టికెట్టు కొన్న ప్రతివారూ ఆ పని జరిగే చోటికి వెళ్లి తాడుకు ఇవతల నిలబడి చూడవచ్చు. మీలాంటివారికి అది పందెంకంటే గొప్ప దృశ్యం.

బయలుదేరడంలోనే మరో పందెం ఉంటుంది. 1963 నుంచి క్రిస్మస్ ట్రీ అనే దీపస్తంభం వాడుతున్నారు. పెద్ద తరగతుల్లో మూడు పసుపు దీపాలూ ఒకేసారి వెలిగిన 0.4 సెకన్లకు ఆకుపచ్చ దీపం వెలుగుతుంది. ఆకుపచ్చ చూసి కదిలినవాడు అప్పటికే ఆలస్యమైనట్టు, అంతకు ముందే కదిలితే ఎర్ర దీపం వెలిగి ఓడిపోయినట్టు. అందువల్ల నిదానమైన బండి కూడా బయలుదేరడంలో మెరుగై గెలిచిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. బ్రాకెట్ రేసింగ్ అనే మరో పద్ధతిలో ఎవరి బండి ఎన్ని సెకన్లలో పరుగు తీస్తుందో వారే ముందుగా రాసిస్తారు. నిదానమైన బండిని అంత తేడాతో ముందు వదులుతారు. రాసినదానికంటే వేగంగా వెళ్లినవారు ఓడిపోతారు. ఈ పద్ధతి వల్లే ఇంటి కారుతో వచ్చినవాడు కూడా లక్షలు పెట్టి తయారుచేసిన బండి పక్కన గౌరవంగా నిలబడగలుగుతున్నాడు. డ్రాగ్ రేసింగ్‌లో నాకు అత్యంత ఇష్టమైన విషయం ఇదే.

ఇక్కడ ప్రమాదాల చరిత్ర కూడా మెకానిక్‌ల చరిత్రే. 1970లో డ్రాగ్ డ్రైవరు డాన్ గార్లిట్స్ నడుపుతున్న బండిలో ట్రాన్స్‌మిషన్ పేలి బండి రెండు ముక్కలైంది, ఆయన కుడి పాదంలో కొంత భాగం పోయింది. అప్పటిదాకా డ్రైవరు ఇంజను వెనక, పేలే భాగాలకు ఎదురుగా కూర్చునేవాడు. గార్లిట్స్ ఆసుపత్రిలో ఉండగానే ఇంజను వెనక్కి, డ్రైవరు ముందుకు ఉండే బండిని ఆలోచించి, 1971లో దానితో పందేలు గెలిచారు. కొద్దికాలానికే అందరూ ఆ పద్ధతికి మారారు. 1984లో డ్రాగ్ డ్రైవరు షర్లీ మల్డౌనీ కాళ్లు నుజ్జునుజ్జయ్యేంతటి ప్రమాదానికి గురై, 1986లో తిరిగి స్టార్టింగ్ లైను దగ్గరికి వచ్చారు. ఆమె అప్పటికే టాప్ ఫ్యూయెల్‌లో మూడుసార్లు ఛాంపియన్.

అందరూ తెలుసుకోవలసింది డ్రాగ్ డ్రైవరు స్కాట్ కలిట్టా మరణం. 2008 జూన్ 21న న్యూజెర్సీలోని ఇంగ్లిష్‌టౌన్‌లో, గీత దాటబోతుండగా ఆయన ఇంజను పేలింది. పారాచూట్లు పనిచేయలేదు, బండి వేగం తగ్గకుండా చివరనున్న ఇసుకనూ దాటి అవతలి అడ్డంకులను ఢీకొంది. కొద్ది రోజుల్లోనే అమెరికాలో డ్రాగ్ పోటీలు నడిపే ఎన్‌హెచ్‌ఆర్‌ఏ సంస్థ, టాప్ ఫ్యూయెల్‌తోపాటు ఫన్నీ కార్ (అలాంటి ఇంజనే ఉండి, పైన కారు ఆకారపు తొడుగు ఉండే బండి) తరగతి పరుగును కూడా 1,320 అడుగుల నుంచి 1,000 అడుగులకు కుదించింది. దశాబ్దాల సంప్రదాయమైన క్వార్టర్ మైలును వదులుకోవడం చాలామందికి నచ్చలేదు. కానీ తగ్గించిన 320 అడుగులు ఎక్కడికీ పోలేదు, ఆగడానికి దొరికే దూరంలో కలిశాయి, చివరి వేగమూ తగ్గింది. డ్రాగ్ స్ట్రిప్‌ను కొలిచేటప్పుడు గీత దాకా ఉన్న దూరం కంటే గీత దాటాక ఉన్న దూరాన్నే ముందు అడగాలి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. స్నేహితులతో కలిసి రాత్రి పదకొండు దాటాక హైవే మీదా, కాలువ గట్టు రోడ్డు మీదా బైకుల పందేలు వేస్తున్నాడని తెలిసింది. అడిగితే "అమ్మా, ఇది డ్రాగ్ రేసింగ్, విదేశాల్లో ఇది పెద్ద క్రీడ, తిన్నని రోడ్డు మీద ప్రమాదం ఏముంటుంది" అంటున్నాడు. వాడికి ఏమని చెప్పాలి?
— ఒక తల్లి, పాలకొల్లు

సమాధానం: అమ్మా, మీ అబ్బాయి చెప్పినదాంట్లో ఒకటి నిజం, అది గొప్ప క్రీడే. అయితే ఆ క్రీడ పుట్టిందే రోడ్డు మీద పందేలు ఆపడానికి. 1951లో వాలీ పార్క్స్ ఎన్‌హెచ్‌ఆర్‌ఏను స్థాపించినది కాలిఫోర్నియా వీధుల్లో బండ్లు పరుగెత్తించే కుర్రవాళ్లను కంచె వేసిన చోటికి తీసుకురావడానికే. 1953లో వారి మొదటి పోటీ పోమోనాలో పోలీసుల సహకారంతో జరిగింది. ఆ తరువాత ఒక పోలీసు సార్జెంటు నాయకత్వంలో ఒక బృందం ఊరూరా తిరిగి భద్రంగా పోటీలు ఎలా జరపాలో నేర్పింది. కాబట్టి రాత్రిపూట హైవే మీద జరిగేదాన్ని ఆ పేరుతో పిలవడం ఆ క్రీడను నడిపినవారికి అవమానం.

తిన్నని రోడ్డులో ప్రమాదం ఏముందన్నదానికి లెక్కతోనే చెప్పండి, ఇంజనీరింగ్ చదువుతున్నాడు గనుక తనే వేసి చూసుకోగలడు. పొడిగా ఉన్న మంచి తారు మీద 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి, చూసి బ్రేకు వేయడానికి పట్టే ఒక్క సెకనుతో కలిపి, ఆగడానికి సుమారు 37 మీటర్లు తీసుకుంటుంది. 120 కిలోమీటర్ల వేగంలో అది 115 మీటర్లు అవుతుంది. రాత్రి బండి లైటు వెలుతురు అంత దూరం సరిగా చూపించదు. అంటే ఎదురుగా ఏమున్నదో కనిపించేసరికి ఆగే అవకాశం దాటిపోయి ఉంటుంది.

ఇక మన రోడ్డు. డ్రాగ్ స్ట్రిప్ మీద చిన్న రాయి, ఒక్క నూనె చుక్క ఉన్నా పోటీ ఆపి తుడుస్తారు, పట్టు కోసం జిగురు చల్లుతారు. మన దగ్గర సార్వా కోతలప్పుడూ దాళ్వా కోతలప్పుడూ రోడ్డు అంచున ధాన్యం ఆరబోస్తారు, చీకటిలో రాళ్లు అడ్డం పెట్టి పరదా కప్పుతారు. రైతుకు వేరే కల్లం లేదు, ఆ తప్పు అతనిదని నేను అనలేను. కానీ గింజల మీదికి ఎక్కిన బైకు చక్రం పట్టు మొత్తం వదిలేస్తుంది. గడ్డి లోడుతో వెనక దీపం లేని ట్రాక్టరు, రొయ్యల చెరువు దగ్గరికి మేత తీసుకెళ్లే ఆటో, రాత్రి కాపలాకు నడిచి వెళ్లే మనిషి, వీరెవరికీ అక్కడ పందెం జరుగుతోందని తెలియదు. గట్టు రోడ్డుకు ఒకవైపు కాలువ, మరోవైపు గట్టు కింద చేను లేదా చెరువు. మెత్తని నల్లరేగడి మీద వేసిన తారు అంచులు కుంగి ఉంటాయి. అంచు దాటాక గులకరాళ్లు లేవు, టైర్ల గోడ లేదు, కొబ్బరి చెట్టు ఉంది, తూము గోడ ఉంది, నీళ్లున్నాయి. ఇమోలాలో నది ఉందని తెలిసీ వేగం తగ్గించని పొరపాటును మన గట్ల మీద ప్రతి రాత్రీ చేయడం ఇది.

ట్రాక్ మీద పడినవాడి దగ్గరికి వైద్యుడు సెకన్లలో వస్తాడు. అర్ధరాత్రి గట్టు మీద పడినవాడిని మొదట ఎవరో చూడాలి, చూసినవాడు 108కి ఫోన్ చేయాలి, అంబులెన్సు ఏ తూము దగ్గరికి రావాలో చెప్పగలగాలి. తలకు దెబ్బ తగిలినవాడికి అంత వ్యవధి ఉండదు.

చట్టం కూడా చెప్పండి. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వ లిఖితపూర్వక అనుమతి లేకుండా బహిరంగ ప్రదేశంలో పందెం వేస్తే మొదటిసారి మూడు నెలల దాకా జైలు లేదా 5,000 రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడవచ్చు. మళ్లీ పట్టుబడితే జైలు ఏడాది దాకా, జరిమానా 10,000 దాకా పెరుగుతుంది. అతని గుంపులో పద్దెనిమిది నిండని తమ్ముళ్లు ఎవరైనా ఉంటే, 199ఎ సెక్షన్ కింద బండి యజమానికి లేదా సంరక్షకులకు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు.

ఇవన్నీ చెప్పాక, దయచేసి బండి తాళాలు లాక్కొని ఊరుకోకండి. స్నేహితుడి బండి దొరుకుతుంది. అతనికి వేగం మీదున్న మోజు చెడ్డదని కూడా అనకండి. ఆ మోజుకు దారి వేరేచోట ఉందని చూపించండి, తరువాతి జవాబును అతనితోనే చదివించండి.

ప్రశ్న: మేము కొందరం కుర్రవాళ్లం. పంచాయతీ, పోలీసు అనుమతి తీసుకుని మా దగ్గర ఏటిగట్టు రోడ్డు మీద ఒకరోజు డ్రాగ్ పోటీ పెట్టవచ్చా? లేకపోతే ఎక్కడికి వెళ్లాలి?
— రావులపాలెం నుంచి

సమాధానం: అనుమతి అడగాలన్న మీ ఆలోచనకు అభినందనలు, కానీ ఏటిగట్టు వద్దు. అది వరదను ఆపడానికి వేసిన కట్ట, అక్కడ పక్కకు తప్పుకోవడానికి చోటు లేదు. 400 మీటర్ల పరుగు చివర మంచి బండి 200 కిలోమీటర్లు అందుకుంటుంది అనుకోండి. బ్రేకులు పూర్తిగా పట్టితే ఆగడానికి దాదాపు 280 మీటర్లు, సగమే పట్టితే 500 మీటర్ల పైన కావాలి. దాని తరువాత ఇసుక, రెండు వైపులా కంచె, జనానికి దూరం, అగ్నిమాపక బండి, అంబులెన్సు. కోనసీమలో కిలోమీటరుకు పైగా తిన్నగా, గట్టి నేలతో, మధ్యలో బోదె గాని ఇల్లు గాని లేని ఖాళీ స్థలం దొరకడం చాలా కష్టం. అందుకే ఇలాంటి పోటీలను సాధారణంగా విమానాల రన్‌వేల మీద జరుపుతారు. మద్రాసు పందేలు కూడా మొదట రెండో ప్రపంచ యుద్ధకాలపు షోలవరం రన్‌వే మీదే జరిగాయి. తరువాత శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల శాశ్వత ట్రాక్ వచ్చింది. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే, గ్రేటర్ నోయిడాలో 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ జరిగిన బుద్ధ సర్క్యూట్ కూడా ఉన్నాయి. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ, అంటే విద్యుత్ కార్ల పోటీ, జరిగినప్పుడు నగర రోడ్డునే వాడారు గాని, కాంక్రీటు దిమ్మెలు, కంచెలు, వైద్య బృందాలు అన్నీ పెట్టి, ట్రాఫిక్ మొత్తం ఆపాకే కార్లను వదిలారు.

మీకు దగ్గరి దారి చెన్నై. భారత మోటార్ స్పోర్ట్స్ క్లబ్బుల సమాఖ్య, అంటే ఎఫ్‌ఎమ్‌ఎస్‌సీఐ, ఇచ్చే లైసెన్సు తీసుకుంటే జాతీయ స్థాయి పోటీల్లో పాల్గొనవచ్చు. డ్రాగ్ రేసింగ్ కూడా ఆ సమాఖ్య పరిధిలోనిదే. ముందు ఒక శిక్షణ తరగతికి వెళ్లండి. బండికంటే ముందు నిండు ముఖం హెల్మెట్, తోలు సూటు, చేతి తొడుగులు, మడమలు దాటిన బూట్లు కొనండి. పోటీ రోజున ముందుగా బండి తనిఖీ ఉంటుంది. బ్రేకు లైను, చెయిను, యాక్సిలరేటర్ వదిలితే తిరిగి వస్తోందా లేదా అన్నవి చూస్తారు. ఆ తనిఖీలో మీ బండిని వెనక్కి పంపితే తగవు పడకుండా ఏమి తప్పో అడిగి రాసుకోండి. ప్రయాణ ఖర్చు భారమనిపిస్తే మొదటిసారి మార్షల్ శిక్షణకు దరఖాస్తు చేయండి. జెండాలు, అగ్నిమాపక పరికరాలు, పడిన రైడరును కదిలించే పద్ధతి నేర్పుతారు, పందేన్ని అంత దగ్గరి నుంచి చూసే అవకాశం టికెట్టు కొన్నవారికి కూడా దొరకదు.